గౌడెన్సియా పేరు మూసిన మనిషి

మా వైపు జూన్ అంటే చలికాలం. సిబ్బంది కార్యాలయంలో నేను టీ కప్పుకి రెండు చేతులూ ఆనించుకుని కూర్చుని ఉండగా ఎవరిస్టో కపెంబ్వా తలుపు తోసుకుని వచ్చాడు. చేతిలో ఉన్న నాలుగు కాగితాలూ నా బల్ల మీద పరిచాడు.

"బనా తొకొ, వీళ్లలో ఎవరు బదిలీ అయ్యారు, ఎవరు మానేశారు, ఎవరు చనిపోయారు... పక్కన రాసిపెట్టండి."

"కోతుల్ని తినే మీ బెంబా వాళ్లకి ఆ మాత్రం తెలీదా? ఎవరు చచ్చారో కూడా మేమే చెప్పాలా?" అన్నాను.

బనా తొకొ అంటే తొకొ వాళ్లమ్మ, అది నేనే. తూర్పు నుంచి వచ్చిన న్గోనీ తెగ మనిషిని. బెంబా వాళ్లూ మేమూ ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు. శవం పక్కన కూర్చుని కూడా వేళాకోళం ఆడుకోవచ్చు. నేను అలా అన్నప్పుడల్లా కపెంబ్వా, "ఎలకల్ని నంజుకునే వాళ్ల చేతిలో రిజిస్టర్లు పెట్టారు, మా ఖర్మ" అనేవాడు. పదహారేళ్లుగా అదే మాట, అదే నవ్వు. ఆ రోజు మాత్రం కాగితాలు వదిలేసి వెళ్లిపోయాడు.

అతనికి అప్పటికి నలభై ఏడేళ్లు. మా మిషన్ ఆసుపత్రిలో మొదట సీసాల మీద చీటీలు అంటించే పనికి చేరాడు. ఒక డాక్టరు స్వదేశం వెళ్లిపోతూ పాత కంప్యూటర్ వదిలేస్తే, దాన్ని విప్పి, బిగించి, మళ్లీ విప్పి నేర్చుకున్నాడు. ఆరు వందల మంది పనిచేసే ఆసుపత్రికి కంప్యూటర్ల మనిషి అతనొక్కడే. పొడుగ్గా ఉంటాడు, గుమ్మం వచ్చినప్పుడల్లా తల కాస్త వంచి నడుస్తాడు. చలికాలమంతా భార్య అల్లిన ఆకుపచ్చ స్వెటర్ ఒక్కటే. చర్చిలో మంద్రస్వరం పాడతాడు. రక్షణ పొందిన దగ్గర్నుంచీ బీరు ముట్టడు, పెద్దల పేరున చేసే తంతులకి వెళ్లడు. ఎవరైనా పోతే సమాధి దాకా వస్తాడు, మట్టి వేస్తాడు, అక్కణ్ణుంచి నేరుగా ఇంటికి పోతాడు.

ఆ కాగితాల వెనక ఉన్న సంగతి ఇది. ఫిబ్రవరిలో మానేసి వెళ్లిన ఒక ఫిజియోథెరపిస్టు మే దాకా ఆసుపత్రి మెయిళ్లు చదువుతూనే ఉన్నాడని బయటపడింది. పాలకవర్గం మండిపడింది. అప్పటిదాకా మా పద్ధతి ఏమిటంటే, ఎవరైనా వెళ్లిపోతే నేనొక చీటీ రాసి కపెంబ్వాకి పంపాలి, అతను వాళ్ల లాగిన్ మూసెయ్యాలి. నేను చీటీ రాయడం మరిచిపోయేదాన్ని. రాసినా ఎక్కడో దారిలో పడిపోయేది. అందుకని కొత్త ఏర్పాటు చెయ్యమన్నారు. నా రిజిస్టర్‌లో ఒక మనిషి పేరు ఎదురుగా 'లేరు' అని టిక్ పెడితే చాలు, మధ్యలో ఒక సాఫ్ట్‌వేర్ దాన్ని చూసుకుని ఆ మనిషి మెయిలు, రోగుల రికార్డులు తెరిచే హక్కు, మందుల గది జాబితా అన్నీ ఒకేసారి మూసేస్తుంది. తొంభై రోజుల తర్వాత ఆ పేరునే తుడిచేస్తుంది. ఇక మనిషి చెయ్యి పడక్కర్లేదు.

మొదటి విడతగా, నా రిజిస్టర్‌లో పనిచేస్తున్నట్టు లేకపోయినా లాగిన్ మాత్రం మిగిలిపోయిన వాళ్లందరినీ అతను జాబితా తీశాడు. నూట నలభై మూడు పేర్లు. ప్రతి పేరు పక్కన ఆ లాగిన్ చివరిసారి ఎప్పుడు తెరిచారో ఉంది. నేను పెన్ను పట్టుకుని దిగుతూ పోయాను. బదిలీ. మానేశారు. చనిపోయారు. పదవీ విరమణ. రెండో కాగితం మధ్యలో ఆగిపోయాను.

గౌడెన్సియా చిలెక్వా. పిల్లల వార్డు నర్సు. చివరిసారి తెరిచింది: ఈ రోజు, ఉదయం 7:10.

గౌడెన్సియా నవంబరులో పోయింది, అప్పటికి ఏడాదిన్నర దాటింది. ఆమె సమాధి దాకా వానలో నడిచినవాళ్లలో నేనూ ఉన్నాను. బురదలో నా చెప్పు ఒకటి ఉండిపోయింది కూడా.

కాగితం పట్టుకుని అతని గదికి వెళ్లాను. "ఇది తప్పు పడింది, చూశావా?"

"నేనూ అలాగే అనుకున్నా" అన్నాడు, తెర మీంచి కళ్లు తిప్పకుండా. "పన్నెండు రోజుల్నుంచి చూస్తున్నా. ఏడింటి ప్రాంతంలో వస్తుంది. నిన్న ఆదివారం రాలేదు. ఇవాళ వచ్చింది."

"వస్తుంది ఏంటి? 'వస్తుంది' అంటావేంటి?"

"మరేమనాలి?"

"ఎవరో ఆవిడ పాస్‌వర్డ్ వాడుతున్నారయ్యా. పొద్దున్నే వార్డుకి వెళ్లి నిలబడు, తేలిపోతుంది."

"వెళ్తాను" అన్నాడు. నాలుగు రోజులు వెళ్లలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం మేమిద్దరం ఎప్పటిలాగే బట్టలుతికే గది వెనక ఎండలో కూర్చుని తింటున్నాం. అతను డబ్బాలోంచి వేయించిన గొంగళిపురుగులు తీసి నా మొక్కజొన్న పిండి ఉబ్వాలి ముద్ద పక్కన పెట్టాడు. తను తినలేదు. అప్పుడు చెప్పాడు వాళ్లన్న ప్రొటాసియో సంగతి.

ఇంటికి పెద్దవాడు ప్రొటాసియో. ముఫులిరాలో గని పని చేసి తమ్ముణ్ణి చదివించాడు. ఊపిరితిత్తులు పాడై ఎనిమిదేళ్ల క్రితం పోయాడు. బెంబా వాళ్లలో ఒక మనిషి పోతే ఆ పేరు ఊరికే వదిలెయ్యరు. కొన్నాళ్లకి ఒక రోజు పెట్టుకుని, దగ్గరి చుట్టాల్లో ఒకర్ని చాప మీద కూర్చోబెట్టి, మణికట్టుకి తెల్లపూసలు కట్టి, ఆ పేరు అప్పగిస్తారు. అప్పట్నుంచి పోయిన మనిషి ఎవరికి ఏమయ్యేవాడో, ఇతనూ వాళ్లకి అదే అవుతాడు. ప్రొటాసియో పేరుకి కపెంబ్వానే అనుకున్నారు. అక్క ఎమెల్డా తనే బస్సెక్కి తీసుకెళ్లడానికి వచ్చింది.

"నేను గేటు తియ్యలేదు" అన్నాడు. "లోపల్నుంచే చెప్పా. చచ్చినవాడి పేరు నేను తొడుక్కోనక్కా, నేను రక్షణ పొందినవాణ్ణి అన్నా. పొద్దున వచ్చినామె మధ్యాహ్నం బస్సు టైము దాకా నిలబడే ఉంది. వెళ్తూ వెళ్తూ అంది... పేరు ఎక్కడో ఒకచోట నిలబడే ఉంటుంది తమ్ముడూ, నిలబడి నిలబడి కాళ్లు నొప్పెట్టి ఎవరి దగ్గరికో వస్తుంది అని."

"తర్వాత?"

"ముఫులిరా మళ్లీ వెళ్లలేదు. ప్రతి చలికాలం ఫోన్ చేస్తుంది. ఎత్తను." డబ్బాకి మూత పెట్టాడు. "అన్న నంబరు తీసెయ్యలేదు నేను. రెండేళ్ల కింద ఒకసారి ఏదో తోచి నొక్కా. మోగింది. ఎవరో ఎత్తి, 'ఆఁ, చెప్పు తమ్ముడూ' అన్నారు."

నేను ముద్ద కింద పెట్టాను.

"ఆ నంబరు కంపెనీ వాళ్లు ఇంకెవరికో ఇచ్చేసి ఉంటారు. ఆయన అందర్నీ తమ్ముడూ అనే మనిషై ఉంటాడు. నాకు తెలుసు బనా తొకొ, నేను కంప్యూటర్ల వాణ్ణే కదా. తెలిసీ ఆ ఫోను మార్చేశా."

మర్నాడు పొద్దున నేనే అతని గది ముందు నిలబడ్డాను. "లే, నేనూ వస్తా" అన్నాను.

పిల్లల వార్డులో అప్పుడే కిటికీలు తీస్తున్నారు. తల్లులు పిల్లల్ని చితెంగె గుడ్డల్లో చుట్టుకుని మంచాల పక్కన కూర్చున్నారు, మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తోంది. చివర, కిటికీ కింద, కంప్యూటర్ ముందు ఒక నర్సు అటు తిరిగి నిలబడి ఉంది. తల కొంచెం ఎడమకి వాలింది. కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతోంది. గౌడెన్సియా అచ్చం అలాగే కొట్టేది. కుర్చీ ఉన్నా కూర్చునేది కాదు.

ఆమె అటే తిరిగి పక్క మంచం మీది పిల్లాడితో అంది, "ఏరా నా మొగుడా, మళ్లీ జ్వరం తెచ్చుకున్నావా? నన్నొదిలి ఎక్కడికి పోదామని?"

వార్డులో ప్రతి మగపిల్లాణ్ణీ మొగుడా అని పిలిచేది గౌడెన్సియానే. కపెంబ్వా పక్కనున్న మంచం కమ్మీ పట్టుకున్నాడు.

ఒక తల్లి ప్లాస్టిక్ బకెట్టుతో మా పక్కనుంచి వెళ్తూ, "బా గౌడెన్సియా, వేడినీళ్లు ఎక్కడమ్మా?" అని మర్యాదగా అడిగింది.

"వంటగది వెనక పట్టుకో. నా పేరు చెప్పు, ఇస్తారు" అంటూ నర్సు ఇటు తిరిగింది.

లవ్‌నెస్ కలుబా. ఇరవయ్యారేళ్ల పిల్ల. గౌడెన్సియా చెల్లెలి కూతురు. ఆమె ఉద్యోగం ఫైలు కట్టింది నేనే.

"పొద్దున్నే పెద్దవాళ్లిద్దరూ ఇటొచ్చారేంటి? ఎవరికి ఒంట్లో బాలేదు?" అంది నవ్వుతూ.

"ఎవరి పేరుతో తెరిచావమ్మా దాన్ని?" అన్నాడు కపెంబ్వా.

"నా పేరుతో."

"నీ పేరు లవ్‌నెస్."

"అది బడిలో. ఇంట్లో గౌడెన్సియా. మా అమ్మ కూడా నన్ను అక్కా అనే పిలుస్తుంది, బా కపెంబ్వా. పెద్దమ్మ చాప మీద కూర్చుంది నేనే." యూనిఫాం చేతి అంచు కొంచెం పైకి లాగింది. కింద తెల్లపూసల వరస. నర్సులు చేతికి ఏమీ పెట్టుకోకూడదని రూలు కాబట్టి లోపలికి తోసి పెట్టుకుంది.

"అది ఇంటి సంగతి. ఇది ఆసుపత్రి. నీకంటూ లాగిన్ ఎందుకు లేదు?"

"చేరిన వారంలోనే మీ గది దగ్గర రెండుసార్లు నిలబడ్డా. మీరు సెలవు. ఫారం బనా తొకొకి ఇచ్చా" అని నా వైపు చూసింది. "తర్వాత ఎవరూ పిలవలేదు. వార్డు పెద్ద సిస్టర్ అట్ట ముక్క తెచ్చి, ఇదిగో మీ పెద్దమ్మ పాస్‌వర్డ్, నువ్వు ఎలాగూ ఆవిడవే కదా, తెరిచి పని చూడు అంది. చూస్తున్నా."

ఆ ఫారం తర్వాత నా బల్ల అడుగు సొరుగులో దొరికింది. వెతికిన రోజునే దొరికింది.

కపెంబ్వా గొంతు తగ్గించాడు. "చనిపోయిన మనిషి ఏడాదికి పైగా ఈ పిల్లలకి సూదులు వేస్తోందమ్మా. రికార్డులో అలాగే ఉంది. రేపు ఎవరికైనా ఏమైనా అయితే ఎవర్ని పిలవాలి మేము? శ్మశానానికి కబురు పెట్టాలా?"

"నన్ను పిలవండి" అంది లవ్‌నెస్. "పిలిస్తే పలుకుతున్నాగా."

కపెంబ్వా వెనక్కి తిరిగాడు. తిరిగి వస్తుంటే వరండాలో ఆగి, "చూశారా, ఆ పిల్లకి భయం లేదు" అన్నాడు.

"దేనికి భయం?"

"ఆ పేరు వేసుకుని తిరగడానికి."

ఏం చెయ్యాలో ఆ రోజే అనుకున్నాం. గురువారం కొత్త ఏర్పాటు మొదటిసారి నడపాలి. ఆ తర్వాతి సోమవారానికి లవ్‌నెస్‌కి సొంత లాగిన్ ఇచ్చి, అప్పటిదాకా గౌడెన్సియాది మూయకుండా మినహాయింపులో పెట్టాలి. నేను నా రిజిస్టర్‌లో లవ్‌నెస్ వివరాలు కొత్తగా నింపాను. ఆసుపత్రి మెయిల్ చిరునామా ఏమిటని వార్డుకి ఫోన్ చేసి అడిగాను. ఆమె చెప్పింది. చెప్పింది చెప్పినట్టు కొట్టాను. అది గౌడెన్సియా చిరునామా. కొడుతున్నప్పుడు ఆ అక్షరాలు నా కళ్ల ముందే ఉన్నాయి, అయినా వేళ్లు ఆగలేదు. ఎందుకు ఆగలేదో ఇప్పటికీ చెప్పలేను.

గురువారం పదింటికి నేను అతని గదిలో ఉన్నాను. అతను చేతులు తుడుచుకుని మీట నొక్కాడు. తెర మీద ఒక గీత సగం దాకా నిండి ఆగిపోయింది.

"ఏమైంది?"

"ఆపేసింది. ఒకేసారి యాభై మంది కంటే ఎక్కువ పోతుంటే ఎవరో పొరపాటున చేస్తున్నారేమో అనుకుని దానంతట అదే ఆగిపోతుంది. తయారుచేసినవాళ్లు పెట్టిన జాగ్రత్త." తెరకేసి చూస్తూ కూర్చున్నాడు. "యంత్రం ఇది. దీనికి కూడా చెయ్యాడలేదు చూడండి."

"పొరపాటు కాదని చెప్పు మరి."

యాభై అన్న చోట నూట యాభై అని మార్చాడు. మళ్లీ నొక్కాడు. పేర్లు పైనుంచి కిందికి ఒకటొకటిగా బూడిద రంగుకి మారుతూ పోయాయి. నాకు తెలిసినవాళ్లే అందరూ. నాతో కలిసి చేరిన టైపిస్టు. నా పెద్దదాని కాన్పు చేసిన మంత్రసాని. అంబులెన్సు తోలిన ముసలాయన. నూట నలభై రెండు పేర్లు రెండు నిమిషాల్లో అయిపోయాయి. చివర ఒక ఎర్ర గీత మిగిలింది. దాన్ని కపెంబ్వా రెండుసార్లు చదివాడు.

"ఇద్దరు మనుషులు, చిరునామా ఒకటే అంటోంది. ఒకరు పోయినవాళ్లు, ఒకరు ఉన్నవాళ్లు. అసలు మనిషి ఎవరో నువ్వే తేల్చు, తేల్చేదాకా ఇద్దర్నీ పక్కన పెడతా అంటోంది."

"పక్కన పెట్టడం అంటే?"

అతను చెప్పేలోపే వరండాలో పరుగు వినిపించింది. లవ్‌నెస్. చేతికి రబ్బరు తొడుగులు అలాగే ఉన్నాయి.

"ఆరో మంచం పిల్లకి మళ్లీ ఫిట్స్ వచ్చాయి! పొద్దున మందు ఎన్నింటికి వేశానో చూడాలి, తెరుచుకోవట్లేదు. నేనే వేశా, నేనే రాశా, నాకే చూపించనంటోంది!"

"గుర్తు లేదా?" అన్నాను.

"ఏడున్నర దాటింది. ఎనిమిది కాలేదు. డాక్టరుకి సరిగ్గా చెప్పాలమ్మా, ఇంకో మోతాదు ఇవ్వాలో లేదో!"

కపెంబ్వా అప్పటికే అన్నీ తెరుచుకునే తన లాగిన్‌తో లోపలికి వెళ్లి, ఆ రోజు ఎవరెవరు ఏ రికార్డులో ఏం రాశారో ఆ చిట్టా తెరిచాడు. వేలు తెర మీద జారుతూ వచ్చి ఒకచోట ఆగింది.

"చదవండి!" అని అరిచింది లవ్‌నెస్.

"గౌడెన్సియా చిలెక్వా" అన్నాడు. "ఏడు యాభై రెండు."

ఆమె వచ్చినంత వేగంగా పరిగెత్తింది. పిల్లకి ఏమీ కాలేదు. మూడో రోజు తల్లి వీపున కట్టుకుని ఇంటికి తీసుకెళ్లింది. కానీ ఆ అరగంట మేమిద్దరం ఆ గదిలో ఎలా కూర్చున్నామో మాకే తెలియాలి. చిరునామా కొట్టింది నేనని చెప్పాను. "నేను కూడా చూసుకోవాల్సింది" అన్నాడంతే.

వార్డు నుంచి కబురు వచ్చాక, అతను ఎర్ర గీత దగ్గరికి మళ్లీ వచ్చాడు. "రెండు దారులున్నాయి. ఇద్దర్నీ కలిపేసి ఒక్క మనిషిని చెయ్యొచ్చు, ఒక్క నొక్కు. అప్పుడు బతికున్న రోజుల్లో ఆవిడ పదకొండేళ్లు రాసిందంతా ఈ పిల్ల రాసినట్టు అయిపోతుంది. లేదా విడదియ్యొచ్చు. అప్పుడు ఈ పిల్ల ఇన్నాళ్లూ రాసింది చనిపోయినావిడ పేరు మీదే ఉండిపోతుంది."

"ఏది సరైంది?"

"విడదియ్యడమే. పుస్తకంలో అదే ఉంటుంది." చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. "కానీ ఆ పేరు మీద ఒకళ్లు కూర్చుని ఉన్నారు కదా."

అప్పుడు జేబులోంచి ఫోను తీసి, ఎమెల్డాకి చేశాడు. ఎనిమిదేళ్లలో అతను చెయ్యడం అదే మొదటిసారి. గదిలో నేనున్నానని మరిచిపోయాడో, ఉండాలనే అనుకున్నాడో, ఫోను బల్ల మీద పెట్టి గొంతు పైకి వినిపించేలా చేశాడు. అటువైపు కోళ్లు అరుస్తున్నాయి.

"అక్కా, నేను. ఎవరిస్టోని."

"ఆఁ" అంది ఆమె. బొంగురు గొంతు.

"అన్న పేరు... ఇంకా అలాగే ఉందా? ఎవరైనా కూర్చున్నారా?"

"నీ కోసం రెండేళ్లు చూశాం. చాప చుట్టి దూలానికి కట్టి ఉంచాం. మూడో ఏడు నేనే కూర్చున్నా."

"నువ్వా?"

"మగాళ్లెవరున్నారు? ఉన్న ఒక్కడు గేటు తియ్యలేదు. ఏటేటా ఫోన్ చేసింది అది చెబుదామనే, నువ్వు ఎత్తితే కదా." ఆమె ఊపిరి తీసుకోవడం వినిపించింది. "ఇకమీద నన్ను అక్కా అనకు. అన్నా అను."

కపెంబ్వా కుర్చీ వెనక్కి జరిపాడు. ఫోనుకి దూరంగా, గోడకి ఆనుకునేదాకా జరిపాడు. బల్ల మీది ఫోనులోంచి ఆ గొంతు వస్తూనే ఉంది. "తమ్ముడూ... ఉన్నావా తమ్ముడూ..."

నేనే వంగి, "ఉన్నాడు, ఇక్కడే ఉన్నాడు..." అన్నాను. తర్వాత అమ్మా అనాలో అయ్యా అనాలో తెలియక ఫోను కట్టేశాను.

మధ్యాహ్నం మూడింటికి లవ్‌నెస్ మా ముందు కూర్చుంది. ఆమె వార్డు పని అప్పటికి వేరే సిస్టర్ చూస్తోంది. కపెంబ్వా కొత్త లాగిన్ రాసిన కాగితం ఆమె ముందుకి జరిపాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"పాతది మూస్తే ఎవర్ని మూసినట్టు?" అంది.

"లాగిన్‌ని. అంతే. పేరు నీ దగ్గరే ఉంటుంది, దాన్ని ముట్టుకునే అధికారం నాకు లేదు."

"తొంభై రోజుల తర్వాత తుడిచేస్తారంటగా?"

"తుడవను. తాళం వేసి ఉంచుతా. పెద్దమ్మ రాసినవాటి కింద పెద్దమ్మ పేరు అలాగే కనిపిస్తుంది. నువ్వు ఆ పేరుతో ఏ రోజు నుంచి ఏ రోజు దాకా రాశావో విడిగా కాగితం మీద పెట్టి, నువ్వూ పెద్ద సిస్టరూ బనా తొకొ కూడా సంతకం చేస్తారు. ఎప్పుడైనా ఎవరైనా అడిగితే అది చూపిస్తాం."

ఆమె గోళ్లతో పూసలు ఒకటొకటిగా తిప్పుతోంది. "అయితే పేరు పైకి చెప్పి మూయండి. చెప్పకుండా మూస్తే దొంగతనంగా ఉంటుంది."

చనిపోయినవాళ్లని పేరు పెట్టి పిలవడం అతని చర్చిలో తప్పు. అది నాకు తెలుసు, ఆ పిల్లకీ తెలుసు. అతను నావైపు ఒకసారి చూశాడు. లేచి నిలబడ్డాడు. నిలబడే, మీట మీద వేలు పెట్టి, పాట ఎత్తుకునే ముందు గొంతు సరిచేసుకున్నట్టు సరిచేసుకుని, "గౌడెన్సియా చిలెక్వా" అన్నాడు.

"ఆఁ" అని పలికింది లవ్‌నెస్.

అతను నొక్కాడు. పేరు బూడిద రంగుకి మారింది. లవ్‌నెస్ కొత్త కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచింది. ఆమె కుర్చీ కాసేపు ఎవరూ జరపలేదు.

ఆ శనివారం కపెంబ్వా ముఫులిరా వెళ్లాడు. సోమవారం నాతో అన్నాడు, "ఇంట్లో అన్న కూర్చునే చోట కూర్చుంది. అన్న కోటు వేసుకుంది. అన్న పిల్లలు ఆవిణ్ణి నాన్నా అంటున్నారు. పెద్దవాడికి పెళ్లై, వాడి కూతురు తాతా అంటోంది. నేను మాత్రం ఏమీ అనకుండా రెండు రోజులు గడిపా. నీళ్లు కావాలంటే లేచి నేనే తెచ్చుకున్నా, అడగాలంటే పిలవాలి కదా."

"పిలవలేదా మరి?"

"బస్సెక్కేటప్పుడు. 'వెళ్లొస్తా అన్నా' అన్నాను. వచ్చేసింది నోట్లోంచి. అంటే ఆవిడ నా కాలరు సరిచేసి, 'ఈసారి పద్దెనిమిదేళ్ల కుర్రాడిలా కిటికీలోంచి వేలాడకు' అంది." కాలరు తడుముకున్నాడు. "నాకు పద్దెనిమిదేళ్లప్పుడు, చదువుకోడానికి బస్సెక్కిన రోజున, కిటికీలోంచి వేలాడకని అన్న అన్నాడు. స్టాండులో మేమిద్దరమే ఉన్నాం బనా తొకొ. అక్క ఆ రోజు కసామాలో ఉంది. ఆవిడకి ఎవరు చెప్పారు?"

"మీ అన్నే చెప్పి ఉంటాడు, ఎప్పుడో."

"అయ్యుండొచ్చు" అన్నాడు.

చర్చిలో పెద్దలకి ఈ సంగతులన్నీ తనే చెప్పేశాడు. మూడు నెలలు పాటల బృందంలో నిలబడనివ్వలేదు. బయటి బెంచీ మీద కూర్చుని, లోపల పాడుతుంటే అక్కణ్ణుంచే మెల్లగా పాడేవాడట.

కొత్త ఏర్పాటులో అతను ఒక మార్పు చేశాడు. మానేసినవాళ్లవి, బదిలీ అయినవాళ్లవి దానంతట అదే మూసుకుపోతాయి. 'చనిపోయారు' అని నేను టిక్ పెడితే మాత్రం సాఫ్ట్‌వేర్ ఆగి, అతనికి కబురు పంపుతుంది. అతను ముందు ఆ మనిషి పనిచేసిన చోటికి వెళ్లి, ఆ పేరు ఎవరైనా ఎత్తుకున్నారా అని అడిగి, తిరిగొచ్చి చేత్తో మూస్తాడు. మా పరిపాలనాధికారి కుదరదన్నాడు. "ఆటోమేటిక్ అన్నాక ఆటోమేటిక్‌గా ఉండాలి కదా కపెంబ్వా, మధ్యలో నువ్వు నడిచి వెళ్లడమేంటి?" అన్నాడు. కపెంబ్వా కాగితం మీద ఏదో భద్రతా కారణం రాసిచ్చాడు. అదే ఇప్పటికీ నడుస్తోంది.

కిందటి ఆగస్టులో వంటగది పెద్దావిడ పోయింది. అతను వంటగదికి వెళ్లాడు, గుమ్మం దగ్గర తల వంచి నిలబడ్డాడు, అడిగాడు. మేనకోడలు వచ్చే నెల కూర్చుంటుందని చెప్పారు. వెనక్కి వస్తూ నా గది దగ్గర ఆగాడు.

"ఒకసారి రండి."

"ఎందుకు?"

"మూసేటప్పుడు ఎవరో వెనక నిలబడి తెర చదువుతున్నట్టు ఉంటుంది నాకు. గౌడెన్సియాది మూసిన రోజు నుంచీ."

"ఎవరు?"

"తెలిస్తే తిరిగి చూసేవాణ్ణి కదా."

"బెంబా వాళ్ల గుండె ఎలక గుండె. అందుకే మేం తినేస్తాం" అన్నాను. ఈసారి నవ్వాడు. వెళ్లి అతని వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అతను పేరు పైకి చెప్పి నొక్కాడు.

అప్పట్నుంచి అలాంటి రోజుల్లో నేనూ వెళ్తున్నాను. అతని కుర్చీకి రెండడుగుల వెనక కూర్చుంటాను, ఊలు అల్లుకుంటాను, ఉన్నానని తెలియడానికి సూదులు కాస్త చప్పుడు చేస్తాను. పని అయ్యేదాకా అతను ఇటు తిరగడు. "నేనేనయ్యా ఉన్నది" అన్నాను మొన్నొకసారి. "అవునవును" అన్నాడు, తెరకేసే చూస్తూ.